ఈ వారాంతం అచ్చమాంబ, ముద్దుపళని, ఎచ్చమ్మలతో

నమస్తే అందరికీ. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. ఈ శని, ఆదివారాలు మన చానల్‌లో రీడథాన్ పెట్టుకుంటున్నాం. ఎవరింట్లో వాళ్ళం కూచుని, అప్పుడప్పుడు లైవ్‌లో కలుసుకుంటూ, మనం ఎన్నడూ సరిగ్గా పట్టించుకోని తెలుగు రచయిత్రులను చదువుతాం. పేరు రీడథాన్ గానీ ఇందులో పరుగు లేదు. ఇన్ని పేజీలు, ఇన్ని పుస్తకాలు అన్న లెక్క లేదు. ఒక కథ చదివి నిద్రపోయినా మీరు పాల్గొన్నట్టే. మధ్యలో సర్వపిండి చేసుకోండి, దావత్ ఉంటే పోయి రండి, వచ్చి మళ్ళీ అందుకోండి. టెన్షన్ అసలే వద్దు.

షరతు మాత్రం ఒకటుంది. భక్తితో చదవొద్దు.

ఎందుకంటే మన దగ్గర రచయిత్రులను తలుచుకునే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. మార్చి 8 వస్తుంది. ఫొటోకు దండ పడుతుంది. తొలి కథకురాలు, తొలి కవయిత్రి అని ఒక బిరుదు తగిలిస్తాం. ప్రసంగాలు అయిపోతాయి, చాయ్ తాగి ఇంటికి పోతాం. పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు. నన్నడిగితే దండ వేసి పక్కన పెట్టడం కూడా మరిచిపోవడమే. శ్రీశ్రీని, చలాన్ని మనం అట్లా చదివామా? పోట్లాడుతూ చదివాం. ఇది అద్భుతం, ఇది ఉత్త సోది అని హాస్టల్ గదుల్లో గొంతులు పోయేదాకా వాదించుకున్నాం. ఆ వాదన వీళ్ళకు కూడా దక్కాలి కదా!

లేరని అనిపించుకోవడం ఎట్లా ఉంటుందో తెలంగాణ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడ కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులను అందులో వరుసగా నిలబెట్టారు. ఎంత పెద్ద పనో ఆలోచించండి. కానీ అదే సంచికలో ఆడవాళ్ళ పేర్లు వెతకండి, చేతివేళ్ళ మీద తేలిపోతాయి. లేరు అన్నవాళ్ళ నోరు మూయించడానికి వచ్చిన పుస్తకంలో కూడా మన పెద్దమ్మలు అంతమందే కనిపించారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ ప్రతాపరెడ్డి గారికే వచ్చింది. మరి తెలుగులో ఒక స్త్రీకి ఆ అవార్డు మొదటిసారి ఎప్పుడు వచ్చింది? 1982లో, ఇల్లిందల సరస్వతీదేవి గారికి, స్వర్ణ కమలాలు కథలకు. ఇరవై ఏడేళ్ళు పట్టింది. పోనీ అవార్డు పుస్తకం కదా, సులువుగా దొరుకుతుందిలే అనుకుని చౌరస్తాలో పుస్తకాల షాపుల్లో అడిగి చూశాను. పోటీ పరీక్షల గైడ్లు చూపించారు.

సరే, శనివారం పొద్దున్న భండారు అచ్చమాంబతో మొదలుపెడదాం. ఆమె 1874లో నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టింది. 1905లో, ముప్పై ఏళ్ళు నిండిన కొద్దికాలానికే పోయింది. అక్కడెక్కడో బిలాస్‌పూర్‌లో. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. పేరు విన్నట్టుందా? 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ ఊపు మూడేళ్ళకు మన హనుమకొండ దాకా వచ్చింది, 1904లో ఇక్కడ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. తమ్ముడి పేరు మనకు గ్రంథాలయ ఉద్యమం పాఠంలో వచ్చింది, పరీక్షలో రాశాం, మార్కులు వేయించుకున్నాం. అక్క పేరు నాకైతే ఏ పాఠంలోనూ తగల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ఆధునిక తెలుగు కథ ఏది అంటే గురజాడ దిద్దుబాటు, 1910 అని ఠక్కున చెప్పేస్తాం. అచ్చమాంబ ధనత్రయోదశి 1902లోనే అచ్చయింది. ఏది ముందు, ఆధునికం అంటే ఏమిటి అని పండితులు చాలా ఏళ్ళుగా వాదించుకుంటున్నారు, వాదించుకోనీయండి. మనం కథలు చదువుదాం. ధనత్రయోదశిలో బొంబాయిలో ఉండే ఒక బీద కుటుంబం. దీపావళి ముందు రోజులు. ఇంట్లో ఏమీ లేదు, భర్త యజమాని డబ్బు కాజేసుకొస్తాడు, భార్య ఒప్పుకోదు, తిరిగి ఇచ్చెయ్యమంటుంది. ముగింపు మరీ తీపిగా ఉందని నాకనిపించింది. మంచితనానికి అంత వెంటనే బహుమతి దొరికే లోకం ఎక్కడుంది చెప్పండి? కానీ అదే ఏడాది వచ్చిన స్త్రీవిద్య చదవండి, అది వేరే సరుకు. మొత్తం మొగుడూ పెళ్ళాల సంభాషణే. మధ్యలో వర్ణన లేదు, ఉపన్యాసం లేదు. అతను జైలుకు పోవాల్సి ఉంది, నువ్వు చదువు నేర్చుకుంటే మనం ఉత్తరాలు రాసుకోవచ్చు అంటాడు. ఆమె ఒక్కో సాకు తీస్తుంటే అతను ఒక్కో జవాబు ఇస్తుంటాడు. తెలివంతా ఆయనకే ఎందుకిచ్చింది అచ్చమాంబ అని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మీకేమనిపిస్తుందో చూడండి. ఆదివారం దీని మీద గట్టిగా కొట్లాడదాం.

ఆమెదే ఇంకోటి, అబలా సచ్చరిత్ర రత్నమాల, 1901. స్త్రీల జీవిత కథలు. ఆడవాళ్ళ చరిత్రను ఒక ఆడమనిషి తానే రాసిపెట్టుకోవడం అన్నమాట. భాష గ్రాంథికం, కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అంతా చదవక్కర్లేదు. ఏదో ఒకరి కథ తీసుకోండి చాలు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ముద్దుపళని. పిల్లలు పక్కన లేనప్పుడు అయితే మంచిది, శృంగార కావ్యం మరి. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరు, ప్రతాపసింహుడి కొలువు. రాధికాసాంత్వనము రాసింది. దర్జా చూడండి, మొదట్లోనే తన ఇంటి ఆడవాళ్ళ పేర్లు గర్వంగా చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడో అచ్చేసినవాళ్ళు ఆ పద్యాలు కూడా పీకేశారు. సంగీత విద్వాంసురాలు బెంగళూరు నాగరత్నమ్మ అసలు రాతప్రతి సంపాదించి 1910లో మొత్తం కావ్యం అచ్చు వేయించింది. వెంటనే బూతు అని కేసు, ప్రభుత్వ నిషేధం. నిషేధం తొలగింది 1947లో. అదే కాలంలో మగవాళ్ళు రాసిన శృంగార ప్రబంధాలు కాలేజీల్లో పాఠాలు! ఇక్కడ కూడా నా మాట అదే. ఆమె మీద జరిగిన అన్యాయం తలుచుకుని కళ్ళు తుడుచుకుంటూ చదవకండి. రాధ కృష్ణుడి మీద అలిగే ఘట్టంలో పద్యం ఎట్లా నడుస్తుందో చూడండి, నవ్వొస్తే నవ్వండి.

సాయంత్రానికి పాకాల యశోదారెడ్డి. ఆమెది పాలమూరు దిక్కు, బిజినేపల్లి. మా ఊరి ముచ్చట్లు 1973లో వచ్చింది, ఎచ్చమ్మ కథలు 1999లో. వీటిని మాత్రం మనసులో చదువుకోవద్దు. గట్టిగా చదవండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఆమెకు వినిపించండి. పాలమూరు యాస వేరు, మన ఓరుగల్లు యాస వేరు, పెద్దామె మధ్యలో ఆపి ‘గట్లనరు మన దిక్కు’ అని సరిదిద్దుతుంది. అది కూడా రీడథాన్ కిందికే వస్తుంది.

ఆదివారం మన జిల్లాలకు వద్దాం. ఉమ్మడి వరంగల్ బిడ్డ జూపాక సుభద్ర రాసిన అయ్యయ్యో దమ్మక్క కవిత్వం ఉంది, రాయక్క మాన్యమ్ కథలు ఉన్నాయి. ఈ కథల్లో ఆడవాళ్ళు ఎవరి జాలికీ ఆగరు. పనిలో ఉంటారు, మాట అంటే మాట అంటారు. గోగు శ్యామలతో కలిసి ఆమె తెచ్చిన నల్లరేగటి సాల్లు సంకలనం కూడా పెట్టుకోండి. ఓరుగల్లు కవయిత్రి అనిశెట్టి రజిత గులాబీలు జ్వలిస్తున్నాయి దొరికితే వదలకండి. నేపథ్యం కావాలనుకునేవాళ్ళకు సాహిత్యాకాశంలో సగం ఉంది, మన కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన కాత్యాయనీ విద్మహే గారి వ్యాసాలు. దానికి 2013లో అకాడమీ అవార్డు వచ్చింది. అది ముందుగా మాత్రం వద్దు. ముందు కథలు చదివి మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకుని తర్వాత అది తెరిస్తే, ఆమెతో కూడా కాసేపు వాదించుకోవచ్చు.

ఇంకో పుస్తకం, రచయిత్రులదా కాదా అంటే మీరే తేల్చండి. మనకు తెలియని మన చరిత్ర. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు 1986లో తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు చెబుతుంటే రికార్డు చేసి అచ్చు వేశారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ మాటలు కూడా అందులో ఉన్నాయి. కలం పట్టలేదు కాబట్టి రచయిత్రి కాదంటారా? నేను ఒప్పుకోను. ఐలమ్మ విగ్రహాలు ఊరూరా చూస్తున్నాం. ఆమె ఏం మాట్లాడిందో, ఎట్లా మాట్లాడిందో చదివినవాళ్ళు ఎంతమంది?

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, తెలుసు. అచ్చమాంబ రత్నమాల తెలుగు వికీసోర్స్‌లో ఉంది, ఫోన్‌లోనే చదవొచ్చు. పాత కథల కోసం శ్రీకాకుళం కథానిలయం వెబ్‌సైట్ వెతకండి, స్కాన్ చేసి పెట్టారు. పాత ముద్రణల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్ ఉంది. అసలు కాగితం వాసనే కావాలంటే లైబ్రరీకి నడవండి.

శనివారం పొద్దున తొమ్మిదికి లైవ్ పెడతాను. మొదటి గంట నేను మాట్లాడను, స్త్రీవిద్య చదువుతూ కూచుంటాను. మీకు నా మొహం చూస్తూ చదవడం ఇబ్బందైతే ఫోన్ బోర్లా పెట్టేయండి. పదింటికి మాత్రం రండి, ఆ మొగుడి సంగతి తేల్చాలి.