జోసెఫ్ ఆల్బర్స్: చదరాల్లో దాగిన భ్రమ

సభకు నమస్కారం.

దృష్టిభ్రమ చిత్రకళ అనగానే నడివీధిలో నేల చీలినట్టు కనిపించే బొమ్మలో, ఎంత ఎక్కినా మొదటికే చేర్చే మెట్లో మనకు గుర్తుకొస్తాయి. జర్మనీలో పుట్టిన జోసెఫ్ ఆల్బర్స్ తన పేరు నిలిపిన చిత్రాల్లో అటువంటివేవీ వేయలేదు. ఒకదానిలో ఒకటి ఒదిగిన మూడు నాలుగు చదరాలను చదునైన రంగుల్లో వేసి, భ్రమ బొమ్మలో కాదు, చూసే కంటిలోనే ఉందని తేల్చారు.

ఆయన 1888 మార్చి 19న బొట్రోప్ పట్టణంలో, ఇళ్లకు రంగులు వేసే వృత్తిలో ఉన్న తండ్రికి జన్మించారు. కొన్నేళ్లు బడిపంతులుగా పనిచేసి, 1920లో, ముప్పై రెండేళ్ల వయసులో, వైమార్‌లోని బౌహౌస్ అనే కళాపాఠశాలలో మళ్లీ విద్యార్థిగా చేరి, ఊరి చెత్తకుప్పల్లో ఏరిన గాజుపెంకులతో చిత్రాలు కూర్చారు. తరువాత అక్కడే గురువయ్యారు. నాజీల ఒత్తిడి వల్ల 1933లో ఆ సంస్థ మూతపడగా, నేతకళాకారిణి అయిన భార్య ఆనీతో కలిసి అమెరికా వెళ్లి, మొదట బ్లాక్ మౌంటెన్ కళాశాలలో, 1950 నుంచి యేల్ విశ్వవిద్యాలయంలో బోధించారు.

ఆయన పాఠం ఎలా సాగేదో చెప్పకుండా ఆయన కళను వివరించలేము. కుంచె పక్కన పెట్టించి, రంగు కాగితాలు చేతికిచ్చి, ఒకే కాగితం నుంచి కత్తిరించిన రెండు ముక్కలను వేర్వేరు నేపథ్యాలపై ఉంచి, అవి రెండు వేర్వేరు రంగులుగా కనిపించేలా చేయమనేవారు. ఎర్రటి వృత్తాన్ని కాసేపు తదేకంగా చూసి తెల్లని వృత్తం వైపు చూపు మరల్చితే, అక్కడ లేని ఆకుపచ్చదనం కనిపిస్తుంది. కంటిలో ఎరుపును గ్రహించే కణాలు అలసిపోవడమే అందుకు కారణం. విచిత్రమేమిటంటే, కారణం తెలిసినంత మాత్రాన ఆ పచ్చదనం పోదు. ఈ ప్రయోగాలన్నీ 1963లో ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ అనే గ్రంథంగా వెలువడ్డాయి.

అరవై దాటాక, 1950లో, ఆయన ‘హోమేజ్ టు ది స్క్వేర్’ (చదరానికి నివాళి) చిత్రమాలిక మొదలుపెట్టారు. చదరాలు మధ్యకు కాకుండా కిందికి జరిగి ఉంటాయి. అడుగున ఒక వంతు ఖాళీ ఉంటే, పక్కల రెండు వంతులు, పైన మూడు వంతులు. ఈ నిష్పత్తి మారదు, రంగులే మారుతాయి. అయినా ఒక చిత్రంలో లోపలి చదరం ముందుకు ఉబికి వస్తే, మరో చిత్రంలో సొరంగంలా వెనక్కి పోతుంది. మేసనైట్ అనే, చెక్కనారను నొక్కి చేసిన గట్టి పలక మీద, ట్యూబులోని రంగును కలపకుండానే కత్తితో పరిచి, ఏ తయారీదారు రంగు ఎక్కడ వాడారో వెనకవైపు రాసి ఉంచేవారు. ఇంత నిక్కచ్చిగా లెక్క అప్పగించే మనిషిని గారడీవాడనడానికి నాకు మనసొప్పదు.

1965లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దృష్టిభ్రమ కళపై పెట్టిన ప్రసిద్ధ ప్రదర్శనలో ఆయన చిత్రాలకూ చోటు దక్కింది. 1971లో మెట్రోపాలిటన్ మ్యూజియం, జీవించి ఉన్న ఒక చిత్రకారుని కృషి మొత్తాన్ని మొదటిసారిగా ప్రదర్శించినప్పుడు, ఆ చిత్రకారుడు ఆల్బర్సే. 1976 మార్చిలో న్యూ హేవెన్‌లో కన్నుమూసే నాటికి ఆ చదరాల చిత్రాలు వెయ్యి దాటాయి.