సర్క్యూట్ పాసైంది సరే, అబద్ధం చెప్పి చూశారా?

అందరికీ నమస్కారం. ప్రొజెక్టర్ మొరాయిస్తోంది, అది దారికొచ్చేలోపు మాటలతోనే లాక్కొస్తాను. మీలో ఎంతమంది టెస్టులన్నీ పచ్చగా కనబడగానే ల్యాప్‌టాప్ మూసేసి టీకి వెళ్ళిపోతారు? నేనూ అదే బాపతు. జీరో నాలెడ్జ్ సర్క్యూట్లు, అంటే రహస్యం బయటపెట్టకుండానే ఒక మాట నిజమని ప్రూఫ్ ఇచ్చే ప్రోగ్రాములు, రాయడం మొదలుపెట్టాక ఆ అలవాటే నా కొంప ముంచింది. ఆ కథా, దాన్నుంచి నన్ను బయటపడేసిన సర్కమ్‌కిట్ అనే కమాండ్ లైన్ టూలూ, ఇవాళ ఈ రెండే.

కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క. మీ ఆధార్ మీదున్న క్యూఆర్ కోడ్‌లో యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది కదా, ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ వెనకున్న ఇథీరియం ఫౌండేషన్ ప్రైవసీ టీమ్ నుంచి వచ్చిన అనాన్ ఆధార్ అనే ప్రాజెక్టు ఆ సంతకాన్ని ఒక సర్క్యూట్ లోపల సరిచూస్తుంది. వయసు 18 దాటిందన్న సంగతి మాత్రం బయటికొస్తుంది, పేరు, ఇంటి నంబరు లోపలే ఉండిపోతాయి. ఆ సర్క్యూట్ రాసిన భాష సర్కమ్.

ఈ సర్కమ్‌తో చిక్కేంటంటే, ఒకే ఫైల్లో రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఒకటి లెక్క చేయడం, అంటే విట్నెస్ (సర్క్యూట్లోని విలువలన్నీ ఉన్న జాబితా) తయారుచేయడం. రెండోది ఆ విలువలు తప్పక పాటించాల్సిన షరతులు పెట్టడం, అంటే కన్‌స్ట్రెయింట్లు. <-- అని రాస్తే లెక్క మాత్రమే, === అని రాస్తే షరతు మాత్రమే, <== అంటే రెండూ. ప్రూఫ్ తయారుచేసేవాడు తన సొంత మెషీన్లో కూర్చుని చేస్తాడు, మనం రాసిన లెక్కనే వాడాలని వాడికేం రూలు లేదు, విట్నెస్‌లో తనకు తోచిన అంకె పెట్టుకోవచ్చు. వాణ్ణి ఆపేది షరతు ఒక్కటే.

2019లో టోర్నడో క్యాష్‌కి, అంటే ఇథీరియం మీద డబ్బు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో తెలియకుండా చేసే సర్వీసుకి, తగిలిన దెబ్బ ఇదే. వాళ్ళు వాడిన హాష్ సర్క్యూట్లో <== ఉండాల్సిన ఒక చోట ఉత్త = ఉంది. లెక్క సరిగ్గానే వస్తుంది, టెస్టులూ పాసవుతాయి, కానీ ఆ అవుట్‌పుట్‌కి షరతు లేదు. ఇంకెవరైనా కనిపెట్టి డబ్బు ఎత్తుకుపోకముందే ఆ టీమే తమ కాంట్రాక్టును (బ్లాక్‌చెయిన్ మీద ఆ డబ్బు పట్టుకుని ఉండే ప్రోగ్రామును) తామే హ్యాక్ చేసి డబ్బు బయటికి లాగేసింది.

ఇప్పుడు నా నిర్వాకం. ఇచ్చిన అంకె సున్నానా కాదా అని చూసే బుల్లి సర్క్యూట్. ఆ అంకె పేరు 'ఇన్', సున్నా కాకపోతే దాని విలోమాన్ని, అంటే దాంతో గుణిస్తే 1 వచ్చే అంకెని, 'ఇన్వ్'లో <-- తో పెడతాం, సున్నా అయితే ఇన్వ్ కూడా సున్నా. తర్వాత అవుట్ <== 1 − ఇన్ × ఇన్వ్. చివర్లో ఇన్ × అవుట్ === 0 అని ఒక షరతు ఉండాలి. నేను మర్చిపోయింది ఆ చివరి లైనే. 5 ఇస్తే 0 వస్తోంది, 0 ఇస్తే 1 వస్తోంది, అన్నీ పచ్చ. కొన్ని వారాల తర్వాత మా టీమ్‌లో ఒకమ్మాయి చదివి, "అన్నా, 5 ఇచ్చి ఇన్వ్‌లో సున్నా పెడితే?" అంది. చెయ్యండి లెక్క. 1 − 5 × 0, అంటే 1. అంటే అయిదు సున్నా అని ప్రూఫ్ వచ్చేస్తుంది, అదీ వెరిఫై అయిపోతుంది! ఆ రాత్రి నిద్రుంటే ఒట్టు.

సర్కమ్‌కిట్‌లో ఏ సర్క్యూట్, ఏ టెంప్లేట్, ఏ పారామీటర్లు అన్నది ఒక జేసన్ ఫైల్లో రాసుకుంటే కంపైల్, సెటప్ (ప్రూఫ్‌కి కావాల్సిన కీలు తయారుచేయడం), ప్రూవ్, వెరిఫై తలా ఒక్క కమాండు. సెటప్‌కి కావాల్సిన ఫైల్ కూడా కన్‌స్ట్రెయింట్ల లెక్క చూసి అదే డౌన్‌లోడ్ చేసుకుంటుంది. సరే, ఇది సుఖం, అంతే. షెల్ స్క్రిప్టు రాసుకున్నా గడిచిపోతుంది.

నాకు అసలు పనికొచ్చింది దాని టెస్టర్. ఎక్స్‌పెక్ట్‌ఫెయిల్ అని ఒకటుంది, తప్పు ఇన్‌పుట్ ఇస్తే తిరగ్గొడుతుందా అని చూస్తుంది. మంచిదే కానీ అక్కడ నడిచేది మన లెక్కే, దొంగ లెక్క కాదు. దొంగవేషం వేయాలంటే ఎడిట్‌విట్నెస్ వాడాలి. ముందు 5తో నిజాయితీగా విట్నెస్ చేయించి, అందులో ఇన్వ్‌ని 0గా, అవుట్‌ని 1గా మనమే దిద్ది, ఆ దొంగ విట్నెస్‌ని కన్‌స్ట్రెయింట్ల ముందు నిలబెట్టి, ఫెయిలవ్వాలి అని టెస్టు రాస్తాం. నా పాత కోడ్‌లో ఆ టెస్టు ఎర్రగా వచ్చింది, ఎందుకంటే కన్‌స్ట్రెయింట్లు ఒక్కటీ నోరెత్తలేదు. ఆ మర్చిపోయిన లైన్ పెట్టగానే 5 × 1 సున్నా కాదు కాబట్టి దొంగ దొరికాడు, టెస్టు పచ్చబడింది.

డీబగ్ చేసేటప్పుడు లాగ్ పెడితే 21888తో మొదలై 5616తో ముగిసే 77 అంకెల రాక్షసి కనబడొచ్చు. కంగారొద్దు, సర్కమ్ లెక్కలన్నీ ఒక పెద్ద ప్రధాన సంఖ్యతో (ప్రైమ్‌తో) భాగిస్తే మిగిలే శేషాలతోనే నడుస్తాయి, డిఫాల్ట్ ప్రైమ్‌లో అది −1. నేను దాన్ని మెమరీ కరప్షన్ అనుకుని ఒక పూట తగలేశాను. ఇంకోటి, కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే కొన్ని సిగ్నల్స్ (ఇన్వ్, అవుట్ లాంటి విలువలు) విట్నెస్‌లోంచే మాయమవుతాయి, దిద్దుదామంటే దొరకవు. అప్పుడు కాన్ఫిగ్‌లో దాన్ని సున్నాకి దించండి.

ఏ అబద్ధం చెప్పాలో మాత్రం ఈ టూల్ చెప్పదు, అది మన బుర్రకే వదిలేసింది. <-- ఉన్న చోట్లన్నీ వేలెత్తి చూపించడానికి ట్రెయిల్ ఆఫ్ బిట్స్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళ సర్కమ్‌స్పెక్ట్ టూల్ ఉంది, నేను రెండూ పక్కపక్కనే నడుపుతాను.

ఆఁ, ప్రొజెక్టర్ వచ్చింది. టెర్మినల్ తెరిచాను, ఇన్‌పుట్ 7. ఇన్వ్‌లో ఏం పెట్టమంటారో మీరే చెప్పండి, టైప్ చేస్తాను.