లోపం రక్తంలోదా, తొట్టిలోదా?

మిత్రులారా,

ఈనించడానికి ఉంచుకున్న గుర్రంలో ఏ లోపం కనబడినా మనవాళ్లు ముందు దాని తల్లిదండ్రుల మీదికే పోతారు. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అనేస్తారు. ఆ ఒక్క మాటతో మంచి వంశాలు ఆగిపోతున్నాయి, ఆగాల్సినవి సాగిపోతున్నాయి. నా బాధంతా అదే.

తవుడు సంగతి చూడండి. గుర్రం ముఖం మీద, కళ్లకు కాస్త దిగువన నిమరండి. రెండు వైపులా ఎముక ఒకే తీరుగా ఉబ్బి తగులుతుంది. కొన్నాళ్లు ఒక కాలు కుంటుతుంది, తర్వాత ఇంకోటి. "వీటి వంశమే అంత, పెద్ద తలలు" అంటాడు యజమాని. తొట్టి చూస్తే నిండా గోధుమ తవుడు. అందులో కాల్షియం కంటే భాస్వరం దాదాపు పది రెట్లు ఎక్కువ. గుర్రానికి కావలసిందేమో భాస్వరం కంటే కాస్త ఎక్కువ కాల్షియం. ఆ లోటు తీర్చుకోవడానికి ఒళ్లు తన ఎముకల్లోని కాల్షియాన్నే తోడేసుకుంటుంది. ఖాళీ అయిన చోట పీచులాంటి కణజాలం పెరిగి ముఖం ఉబ్బుతుంది. నేపియర్ లాంటి గడ్డి ఒక్కటే మేపినా ఇదే ముప్పు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. అదే లాయంలో ఏ బంధుత్వమూ లేని గుర్రానికీ ఆ వాపు ఉందా? అయితే ముందు మేత మార్చండి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కేసు. అమెరికాలో 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే క్వార్టర్ హార్స్ జాతి మగగుర్రం 1974లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ కండ చూసి అందరూ దాని సంతానం కోసం ఎగబడ్డారు. ఆ సంతతిలో కొన్ని ఉన్నట్టుండి కండరాలు అదిరి, కాళ్లు పట్టు తప్పి కూలిపోయేవి. కారణమైన జన్యు లోపం 1992లో తేలింది. రెండు వైపుల నుంచీ ఆ లోపం వచ్చిన పిల్లల్ని, 2007 నుంచి పుట్టినవాటిని, ఆ జాతి సంఘం రిజిస్టర్ చేయడం లేదు.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. ఈ లోపమున్న గుర్రాన్ని కూలదోసేది మేతలోని పొటాషియం. అది ఎక్కువుండే లూసర్న్ గడ్డి, బెల్లపు మడ్డి మానేస్తే ఆ గుర్రం చాలావరకు అలా కూలిపోదు, పైకి నిక్షేపంలా కనిపిస్తుంది. లోపం ఒక్క వైపు నుంచే వచ్చినా, పుట్టే ప్రతి పిల్లకూ అది అందే అవకాశం సగానికి సగం. మేత మార్చితే తగ్గింది కాబట్టి వంశం తప్పు లేదనడం అందుకే చెల్లదు.

కాబట్టి ఎదురుగా నిలబడ్డ ఒక్క గుర్రాన్ని చూసి తేల్చకండి. అదే తండ్రికి పుట్టి వేరే ఊళ్లో, వేరే మేత మీద పెరిగిన పిల్లల్ని చూడండి. పరీక్ష ఉన్న జబ్బయితే చేయించండి. వంకర కాలు కనబడితే గిట్టలు ఎన్నాళ్లకోసారి చెక్కిస్తున్నారో అడగండి.

అన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే, ఆడగుర్రం విషయంలో కొంత ఆగవచ్చు, అది ఏడాదికి ఒక్క పిల్లనే ఇస్తుంది. మగగుర్రం విషయంలో మాత్రం ఆ వెసులుబాటు వద్దు. ఒక్క సీజన్‌లోనే దాని పిల్లలు పదుల్లో పుడతాయి. విత్తులు కొట్టించండి, సవారీకి హాయిగా పనికొస్తుంది.