జాబితాలో లేనివాళ్ల లెక్క: ఉపాధి హామీ మూల్యాంకనంపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, వినియోగ ధ్రువపత్రం వచ్చిందా లేదా. ఈ మూడూ సరిపోతే పథకం బాగా నడిచిందని రాసేయడం మనకు అలవాటైపోయింది. డబ్బు ఖజానా దాటిందని తప్ప ఆ కాగితాలు ఇంకేమీ చెప్పవు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ బాధ్యతను, అంటే పనులనూ ఖర్చునూ ఊరివాళ్ల ముందే సరిచూసే బాధ్యతను, గ్రామసభకే అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటికోసం విడిగా ఒక సొసైటీని పెట్టింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న యువతీయువకులే ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తేల్చారు. మూల్యాంకనం చేయబోయేవాళ్లు ఆ పద్ధతి నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఊరికి వెళ్లే ముందే మస్టర్లు అనే కూలీల హాజరు పట్టికలు, కొలతల పుస్తకం, చెల్లింపుల జాబితా, సామగ్రి బిల్లులు చేతిలో ఉండాలి. మస్టర్‌లో పేరు, పాస్‌బుక్‌లో జమ, మనిషి నోటి మాట, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మాట కూలీ ఇంటి దగ్గరే అడగాలి, ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ పక్కన ఉండగా అడగకూడదు. తనిఖీకి వెళ్లేవాళ్లు ఆ ఊరివాళ్లు కాకూడదు. ‘కూలీ అందిందా?’ అని అడిగితే ‘అందింది’ అనడం తేలిక. ‘ఏ చెరువులో చేశారు? మీ గ్రూపులో ఎవరెవరున్నారు? ఎన్ని వారాలు?’ అని అడిగితే వలస వెళ్లినవాళ్ల పేర్లూ, చనిపోయినవాళ్ల పేర్లూ వాటంతటవే బయటపడతాయి.

ఇంత జాగ్రత్తగా చూసినా ఒక పెద్ద ఖాళీ మిగులుతుంది. మస్టర్‌లో పని చేసినవాళ్లే ఉంటారు. అడిగినా దొరకనివాళ్లు ఆ కాగితం మీదకు రారు. దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో పని చూపించాలని, చూపించకపోతే మొదటి 30 రోజులకు కూలీలో నాలుగో వంతుకు, ఆ తర్వాత సగానికి తగ్గకుండా నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం చెప్పింది. భృతి చెల్లింపు సున్నా అని కనిపించగానే, అడిగినవాళ్లందరికీ పని దొరికిందని రాసేవాళ్లున్నారు. ఆ సున్నా ఎలా పుడుతుందో చూడండి. దరఖాస్తు తీసుకుని తేదీ వేసిన రసీదు ఇవ్వరు. పని మొదలయ్యాక, అప్పుడే అడిగినట్టు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. ఇక ఆలస్యమన్న మాటే ఉండదు, భృతి ప్రశ్నే రాదు.

అందుకే ఇళ్ల నమూనాను జాబ్ కార్డుల జాబితా నుంచి తీయకండి. కార్డు అందనివాళ్లు, కార్డు తొలగించబడినవాళ్లు మొదటి మెట్టులోనే జారిపోతారు. ఓటర్ల జాబితా నుంచో, వాడవాడకూ వేసుకున్న ఇళ్ల లెక్క నుంచో తీయండి. శివారు తండాలు, ఎస్సీ కాలనీలు తప్పకుండా అందులో పడేలా చూసుకోండి. ఏ నెలల్లో పని లేక కూర్చున్నారు, ఎవరిని అడిగారు, ఏం జవాబొచ్చింది అని విడిగా రాయండి. ఒంటరి మహిళలు, వృద్ధులు, దివ్యాంగుల దగ్గర మరికాస్త ఆగండి. తవ్విన మట్టి కొలతను బట్టి వచ్చిన డబ్బును గ్రూపంతా పంచుకుంటుంది కాబట్టి, నెమ్మదిగా తవ్వేవాళ్లను చేర్చుకోవడానికి తోటి కూలీలే వెనకాడతారు. ఈ అన్యాయం ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

తర్వాత తేదీలు. ‘సకాలంలో చెల్లింపు’ అన్న శాతం చూడగానే, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్కించారో అడగండి. 2005 చట్టం ప్రకారం మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలీ అందాలి. 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. అంటే 1,500 రూపాయల బకాయికి రోజుకు 75 పైసలు. చెల్లింపు ఉత్తర్వు తయారవగానే గడియారం ఆపేసి, ఆ తర్వాత కేంద్రం దగ్గరా బ్యాంకులోనూ ఆగిన రోజులను లెక్కలోంచి వదిలేసిన కాలం ఉంది. ఆ రోజులకూ పరిహారం ఇవ్వాలని 2018 మేలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మీ పట్టికలో చివరి తేదీ కూలీ ఖాతాలో డబ్బు పడిన రోజే కావాలి.

మట్టి పనుల కొలతలు వానలకు ముందే తీసుకోండి. ఒండ్రు చేరాక చెరువులో ఎంత లోతు తవ్వారో ఎవరూ తేల్చలేరు.

తనిఖీ దొంగతనాన్ని పట్టుకుంటుంది. బతుకులు మారాయా అన్నది వేరే ప్రశ్న, దానికి పోలిక కావాలి. 2010 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర సరిచూసి డబ్బిచ్చే స్మార్ట్‌కార్డు చెల్లింపులను 157 మండలాల్లో లాటరీ పద్ధతిన కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల తర్వాత ప్రవేశపెట్టి పరిశోధకులు తేడా చూశారు. కార్డులు ముందొచ్చిన మండలాల్లో చెల్లింపులు వేగం పుంజుకున్నాయి, సొమ్ము దారి మళ్లడం తగ్గింది. అంతకన్నా ముఖ్యంగా, పేద ఇళ్ల ఆదాయంలో పెరుగుదల ఎక్కువ భాగం పథకం కూలీ నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది. ప్రభుత్వ పని నిజంగా దొరికే చోట రైతులూ కూలీ రేటు పెంచక తప్పలేదు. లబ్ధిదారులను మాత్రమే పలకరించి వచ్చే నివేదికకు ఈ సంగతి ఎప్పటికీ అందదు.

చివరగా, పట్టుకున్నాక ఏం జరిగిందన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల తనిఖీ నివేదికలను ఏళ్ల తరబడి పోల్చిన అధ్యయనంలో అక్రమాలు మొత్తంగా తగ్గిన దాఖలా కనిపించలేదు. సామగ్రి కొనుగోళ్లలోని అక్రమాలైతే పెరిగాయి. కూలీ మనిషిని అడిగితే దొంగ మస్టర్ తెలిసిపోతుంది. సిమెంటు బస్తాల బిల్లు నిజమో కాదో ఇల్లిల్లూ తిరిగితే తెలియదు. పైగా స్వాహా అయిన సొమ్ములో తిరిగి వచ్చింది స్వల్పం. ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేసి ఫైలు మూస్తే, కొలతలు రాసినవాళ్లూ, బిల్లు పాస్ చేసినవాళ్లూ చల్లగా తప్పించుకుంటారు. కాబట్టి తనిఖీ చివర జరిగే బహిరంగ విచారణ అయిన ప్రజావేదికలో తేలిన ప్రతి మొత్తానికీ ఎవరి నుంచి, ఎంత, ఏ తేదీలోగా వసూలు చేయాలో రాయించండి. తర్వాతి విడత తనిఖీలో మొదటి గ్రామసభ ఆ కాగితం చదవడంతోనే మొదలవ్వాలి, వసూలు కాని పేర్లతో సహా.