అట్టడుగు నుంచి అందలం దాకా: 1914 బోస్టన్ బ్రేవ్స్ సీజన్ రివ్యూ

నమస్కారం. ఈ ఛానల్‌లో ఇప్పటిదాకా నేను చూసినవాటినే రివ్యూ చేశాను. ఇవాళ్టిది నేను చూడలేదు, మీరూ చూడలేదు. చూసినవాళ్ళు ఒక్కరూ మిగిలి ఉండరు. స్కోరు కార్డులు, పాత ఫోటోలు, ఆటగాళ్ళ లెక్కలు మాత్రం మిగిలాయి. వాటిని ముందేసుకుని కొన్ని రాత్రులు కూర్చున్నాను. 1914లో బోస్టన్ బ్రేవ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆడిన సీజన్ ఇది. ఈ పేరు అట్లాంటాలో ఉన్న మన తెలుగువాళ్ళకు పరిచయమే. ఆ ఊరి బ్రేవ్స్ ఈ జట్టే. 1953లో బోస్టన్ వదిలి మిల్వాకీకి, 1966లో అట్లాంటాకు చేరింది.

1914 జులై 7న ఈ జట్టు బఫెలోలో ఆగి, అక్కడి చిన్న లీగు జట్టుతో ఒక స్నేహపూర్వక ఆట ఆడింది. 10–2 తేడాతో చిత్తుగా ఓడింది. మన భాషలో చెప్పాలంటే రంజీ జట్టు వచ్చి జిల్లా జట్టు చేతిలో తన్నులు తిన్నట్టు.

అప్పటికే వీళ్ళ పరిస్థితి ఘోరం. మొదటి 22 ఆటల్లో నాలుగే గెలిచారు. జులై 4 నాటికి 26 గెలుపులు, 40 ఓటములు. ఎనిమిది జట్ల నేషనల్ లీగులో ఎనిమిదో స్థానం. పైనున్న న్యూయార్క్ జెయింట్స్‌కు 15 ఆటల దూరం, అంటే వాళ్ళు 15 ఓడి, అదే వేళకు వీళ్ళు 15 గెలిస్తే గానీ సమం కారు. పైగా బ్రేవ్స్‌కు ఇదేమీ కొత్త కాదు. 1909 నుంచి 1912 దాకా నాలుగేళ్ళూ ఆఖరి స్థానమే, ప్రతి ఏడూ వంద, అంతకు పైన ఓటములే. జెయింట్స్ చూస్తే 1911, 12, 13 సంవత్సరాల్లో వరసగా లీగు గెలిచిన జట్టు. మీరైనా ఎవరి మీద పందెం కాస్తారు?

అక్కడి నుంచి సీజన్ ముగిసేదాకా బ్రేవ్స్ 68 గెలిచి 19 ఓడారు. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని రెండుసార్లు కూడి చూశాను. 26కి 68 కలిపితే 94, 40కి 19 కలిపితే 59. సరిపోయింది. జెయింట్స్‌ను పదిన్నర ఆటలు వెనక్కి నెట్టి లీగు గెలిచారు. అందుకే చరిత్రలో వీళ్ళ పేరు ‘మిరాకిల్ బ్రేవ్స్’.

ఆ ‘మిరాకిల్’ అన్న మాటతోనే నాకు పేచీ. అద్భుతం అంటే ఎవరూ పనిచేయకుండా ఊడిపడేది కదా. ఇక్కడ పని చేసినవాళ్ళు కనిపిస్తున్నారు.

మొదట మేనేజర్ జార్జ్ స్టాలింగ్స్. జార్జియా రాష్ట్రపు మనిషి. డగౌట్‌లో, అంటే జట్టు కూర్చునే చోట, యూనిఫాం వేసుకోడు, పెళ్ళికి వచ్చినట్టు కోటూ టై కట్టుకుని కూర్చుంటాడు. నోరు మాత్రం ఆ బట్టలకు తగ్గది కాదు, తన ఆటగాళ్ళనే తిట్టిపోసేవాడు. మూఢనమ్మకాల పుట్ట కూడా. డగౌట్ ముందు చిత్తు కాగితం ముక్క గానీ వేరుశనగ తొక్క గానీ కనిపిస్తే అరిష్టం అనుకునేవాడు. ఇది తెలిసి ఎదుటి జట్లవాళ్ళు కావాలని వేరుశనగకాయలు విసిరేవారు. తన జట్టు పరుగులు తీయడం మొదలుపెట్టినప్పుడు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే బిగుసుకుపోయేవాడట. ఇది చదివి నవ్వుకున్నాను గానీ, వన్డే చూస్తూ సోఫాలో చోటు మారితే వికెట్ పడుతుందని మా ఇంట్లో ఎవరినీ లేవనివ్వని మనిషిని నేనే.

ఇదే స్టాలింగ్స్ బుర్ర మాత్రం లెక్కలది. పిచర్, అంటే బంతి విసిరేవాడు, కుడిచేతివాడైతే ఎడమచేతి బ్యాటర్‌కు బంతి బాగా కనిపిస్తుంది, ఎడమచేతివాడైతే కుడిచేతి బ్యాటర్‌కు. అతని దగ్గర గొప్ప ఔట్‌ఫీల్డర్లు, అంటే మైదానం వెనక భాగంలో కాచేవాళ్ళు, లేరు. అందుకని మూడు స్థానాలకు ఒక గుంపునే పెట్టుకుని, ఎదుటి పిచర్ చేతిని బట్టి మనుషుల్ని మార్చాడు. ఈ గుంపులోని జో కానలీ సగటు .306, అంటే వెయ్యి ప్రయత్నాలకు 306 హిట్ల లెక్క. మూడు వందలు దాటిన బ్యాటర్ జట్టు మొత్తం మీద దాదాపు అతనొక్కడే. ఇవాళ ప్రతి జట్టూ చేసే పనే ఇది. 1914లో ఇంత పట్టుదలగా, సీజన్ పొడుగునా చేయడం అరుదు.

తర్వాత జానీ ఎవర్స్. నన్ను అడిగితే ఈ సీజన్‌కు కథానాయకుడు ఇతనే. సెకండ్ బేస్‌లో ఆడే బక్కపలచని మనిషి, ‘పీత’ అని మారుపేరు. షికాగో కబ్స్‌తో 1907, 1908 వరల్డ్ సిరీస్‌లు (రెండు లీగుల విజేతల మధ్య జరిగే ఫైనల్) గెలిచాడు. 1913లో ఆ జట్టుకే మేనేజరై, ఒక్క సీజన్‌తోనే పదవి పోగొట్టుకుని బోస్టన్ చేరాడు. అంపైర్‌తో తగువు, సహచరులతో తగువు, తనతో తనకే తగువు. ఆ ఏడాదే అతని చిన్న కూతురు స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయింది. అయినా ఆడాడు. పక్కనే షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల నడుమ) ర్యాబిట్ మారన్‌విల్, ఐదడుగుల ఐదంగుళాల అల్లరి పిల్లవాడు. ఎగిరిన బంతిని బొడ్డు దగ్గర దోసిలి పట్టి అందుకునేవాడు. సీజన్ ముగిశాక లీగులో అత్యంత విలువైన ఆటగాడిగా ఎవర్స్‌ను ఎంపిక చేశారు, రెండో స్థానం మారన్‌విల్‌ది.

మూడో స్థానం బిల్ జేమ్స్‌ది. 22 ఏళ్ళ పిచర్. ఇతన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు. బేస్‌బాల్‌లో జట్టు గెలుపును ఒక పిచర్ ఖాతాలో రాస్తారు. జేమ్స్ 26 గెలుపులు, డిక్ రుడాల్ఫ్ 26 గెలుపులు, ఎడమచేతి లెఫ్టీ టైలర్ 16. జట్టు గెలిచిన 94లో 68 ఈ ముగ్గురివే.

ఇక ఎక్కిన తీరు. జులై 19న ఆఖరి స్థానం వదిలారు. ఆగస్టు నడుమ న్యూయార్క్ వెళ్ళి, జెయింట్స్‌ను వాళ్ళ పోలో గ్రౌండ్స్‌లోనే మూడు ఆటల్లో మూడూ ఓడించారు. మూడోదానిలో టైలర్ పది ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా, ఆ కాలపు మహా పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ మీద 2–0తో గెలిచాడు. అదే రోజుల్లో యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. రేడియో ప్రసారాలు లేని కాలం కాబట్టి బోస్టన్ జనం వాషింగ్టన్ స్ట్రీట్‌లో పత్రికాఫీసుల ముందు గుమిగూడి, బోర్డుల మీద స్కోర్లు చూసుకునేవారు.

నేను టైమ్ మెషీన్ ఎక్కి ఒక్క రోజు చూడగలిగితే సెప్టెంబరు 7, లేబర్ డే ఎంచుకుంటాను. బ్రేవ్స్ సొంత మైదానం చిన్నది, పాతది. ఊళ్ళోని మరో జట్టు రెడ్ సాక్స్ తన ఫెన్‌వే పార్కును వాడుకోనిచ్చింది. జెయింట్స్‌తో పొద్దున ఒక ఆట, మధ్యాహ్నం ఒక ఆట. రెండింటికీ కలిపి 70 వేలకు పైగా జనం. పొద్దుటి ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మాథ్యూసన్ బంతిని ఎవర్స్ ఎడమవైపు ఖాళీలోకి తోశాడు. ఇద్దరు పరిగెత్తుకొచ్చారు, 5–4తో గెలుపు. మధ్యాహ్నం ఆట జెయింట్స్‌ది, 10–1. అసలు తమాషా అక్కడే జరిగింది. జెయింట్స్ ఔట్‌ఫీల్డర్ ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ 1912 వరల్డ్ సిరీస్‌లో ఇదే మైదానంలో ఒక తేలిక క్యాచ్ వదిలేశాడు. అతనికి, టైలర్‌కు మాటా మాటా పెరిగింది. స్నాడ్‌గ్రాస్ ముక్కు మీద బొటనవేలు పెట్టి వెక్కిరించాడు. టైలర్ చేతుల్లోంచి బంతి జారిపోతున్నట్టు అభినయించాడు. స్నాడ్‌గ్రాస్ మీదికి జనం సీసాలు విసిరారు. అంతలో బోస్టన్ మేయర్ జేమ్స్ కర్లీ స్వయంగా మైదానంలోకి దిగి, ఆ ఆటగాణ్ణి బయటికి పంపమని పట్టుబట్టాడు! నాయకుడు మైదానంలోకి దిగడం మన దగ్గరే జరుగుతుందని అనుకునేవాణ్ణి.

లోపాలు కూడా చెప్పాలి, రివ్యూ కదా. జెయింట్స్ కూడా దిగజారారు. వాళ్ళ రూబ్ మార్కార్డ్ ఆ ఏడాది 12 గెలిచి 22 ఓడాడు. బ్రేవ్స్ ఎక్కడంలో ఆ జారడం పాత్ర చిన్నది కాదు.

వరల్డ్ సిరీస్‌లో ఎదురుగా కానీ మాక్ నడిపే ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. గత నాలుగేళ్ళలో మూడుసార్లు విజేతలు. మొదటి ఆట రుడాల్ఫ్ 7–1తో, రెండో ఆట జేమ్స్ 1–0తో ఫిలడెల్ఫియాలోనే గెలిచారు. ఇక ఈ ఊరికి తిరిగి రాబోమని స్టాలింగ్స్ సామానంతా బోస్టన్‌కు పంపించేశాడని చెబుతారు.

మూడో ఆట మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. ఫెన్‌వేలో 2–2తో పదో ఇన్నింగ్స్‌కు వెళ్ళింది. నేలబారుగా వచ్చిన బంతిని ఎవర్స్ సరిగా పట్టలేకపోయాడు. ఒక పరుగు పోయింది. తన మీద తనకే ఒళ్ళు మండి, బంతి చేతిలో ఉంచుకునే అలా నిలబడిపోయాడు. ఆ సందులో ఇంకో పరుగు పోయింది. 4–2. ఇరవై ఏళ్ళ కుర్రాడు చేస్తే సర్దుకోవచ్చు. ఆ లీగులోకెల్లా తెలివైన బుర్ర అని పేరున్నవాడు చేశాడు. వెంటనే క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) హ్యాంక్ గౌడీ హోమ్ రన్, మన సిక్స్ లాంటిది, కొట్టాడు, ఇంకో పరుగుతో 4–4 అయింది. పన్నెండో ఇన్నింగ్స్‌లో మళ్ళీ గౌడీ డబుల్ కొట్టి రెండో బేస్ చేరితే, అతని బదులు పరిగెత్తడానికి లెస్ మాన్ వచ్చాడు. ఎదుటి పిచర్ జో బుష్ మూడో బేస్‌కు బంతిని వంకరగా విసిరాడు, మాన్ హోమ్ బేస్‌కు చేరి పరుగు పూర్తిచేశాడు. 5–4. మర్నాడు నాలుగో ఆటలో గెలుపు పరుగులు రెండూ తెచ్చిన దెబ్బ ఎవరిదనుకుంటున్నారు? ఎవర్స్‌దే. 3–1. వరల్డ్ సిరీస్‌ను నాలుగుకు నాలుగూ గెలవడం అదే మొదటిసారి. గౌడీ సిరీస్ సగటు .545, మొత్తం అథ్లెటిక్స్ జట్టుది .172.

రేటింగ్: ఐదుకు నాలుగున్నర.

ఆ అర ఎందుకు తగ్గించానంటే, బిల్ జేమ్స్. ఆ ఏడాది 332 ఇన్నింగ్స్ వేశాడు. సిరీస్ మూడో ఆటలో చివరి రెండు ఇన్నింగ్స్‌కు కూడా అతన్నే దించారు. ఆ భుజం మళ్ళీ కోలుకోలేదు. 1915లో ఐదు ఆటలు గెలిచాడు. తర్వాత 1919లో బ్రేవ్స్ తరఫున ఒకే ఒక్క ఆటలో బంతి పట్టాడు. మొత్తం ఆటజీవితంలో 37 గెలుపులు, అందులో 26 ఈ ఒక్క వేసవివే.