దీపావళి చప్పుళ్లు, బెజవాడ ఉక్కపోత: మీ కుక్కకీ పిల్లికీ ఏం ఏర్పాటు చేయాలి?

హాయ్ అండీ, నమస్తే. 2026లో దీపావళి నవంబరు 8, ఆదివారం వచ్చింది. సెలవు రోజు కూడా కలిసొచ్చిందంటే మన బెజవాడ సంగతి మీకు తెలియనిది కాదు, శుక్రవారం రాత్రికే ఎవరో ఒకరు లక్ష్మీ బాంబుతో టెస్టింగ్ మొదలెట్టేస్తారు. ఇదిగో, నా పక్కన పడుకున్నవాడు సోడా. మన ఊరకుక్కే, ఇక్కడే పటమటలో మా వీధిలోనే పుట్టాడు. మామూలప్పుడు కొరియర్ అబ్బాయిల్ని గేటు దగ్గరే హడలగొట్టే ఈ వీరుడు ఒక్క సీమటపాకాయ పేలిందంటే బాత్‌రూమ్‌లో బకెట్ వెనక దొరుకుతాడు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఈ టాపిక్ మీద ఇంగ్లీషులో బోలెడు వీడియోలున్నాయి, చాలావరకు చలిదేశాల వాళ్లు చేసినవి. తలుపులు, కిటికీలు అన్నీ మూసేయండి, మందపాటి కర్టెన్లు కట్టండి, దుప్పట్లతో గూడులా చేసి అందులో పడుకోబెట్టండి, ఒంటికి బిగుతుగా ఉండే చొక్కా తొడగండి అంటారు. వాళ్ల ఊళ్లో అది మంచి సలహానే. మన దగ్గర అదే పనిగా అన్నీ మూసేసి, ఏసీ లేని గదిలో, అదీ కరెంటు పోయిన టైంలో చేశారనుకోండి, చప్పుడు నుంచి కాపాడబోయి కుక్కకి వడదెబ్బ తగిలిస్తారు. ఎండ లేదు కదా, రాత్రిపూట వడదెబ్బేంటి అనకండి. తగులుతుంది.

ఎలాగంటే, కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద ఏదో కొంచెం పడుతుందంతే. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఉన్న కూలింగ్. నాలుక మీద, నోట్లో ఉన్న తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాల్లో తేమ ఎక్కువుంటే ఆ తడి ఆవిరి కాదు, ఎంత రొప్పినా ఫలితం ఉండదు, పైగా రొప్పడానికి పనిచేసే కండరాలు కూడా వేడి పుట్టిస్తాయి. కుక్క భయపడినా రొప్పుతుంది, వేడెక్కినా రొప్పుతుంది. భయంతో గంటసేపు రొప్పి, గదంతా తిరిగి, తలుపు గీకిన కుక్క మూసేసిన గదిలో ఉక్కపోతకి చిక్కితే ఆ రెండూ కలిసిపోతాయి. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతులు పెంచేవాళ్లు ఈ మాట రెండుసార్లు వినండి, వాటికి మామూలు రోజుల్లోనే గాలి సరిగా ఆడదు. పర్షియన్ పిల్లులకీ అంతే. ఇంకో మాట, పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే అది కుక్క రొప్పినట్టు మామూలు విషయం కాదు, ఒంట్లో ఏదో తేడా వచ్చినట్టే లెక్క.

సరే, గది ఎంచుకుందాం. పై అంతస్తులో డాబా కింద గది వద్దు. పగలంతా ఎండకి కాలిన స్లాబు రాత్రి పది దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది, చెయ్యెత్తి సీలింగ్ ముట్టుకుంటే మీకే తెలుస్తుంది. పడమటి గోడ ఉన్న గది కూడా వద్దు. మెట్ల కింద స్టోర్ రూమ్‌లో చప్పుడు తక్కువే, గాలి ఆడదు, అది అస్సలు వద్దు. వీధి వైపు కాకుండా ఇంటి మధ్యలో ఉన్న గది, కింద టైల్స్ ఉండి, పైన ఫ్యాను ఉన్నది చూసుకోండి. చాలా కుక్కలు వాటంతటవే బాత్‌రూమ్‌లోకి దూరతాయి, అది తెలివైన పనే, టైల్స్ చల్లగా ఉంటాయి, గోడలు కూడా ఎక్కువే. వెళ్లనివ్వండి. కాకపోతే యాసిడ్ సీసా, ఫినాయిల్ బాటిల్ ముందే తీసేయండి, నీళ్ల బకెట్ మీద మూత పెట్టండి, తలుపు మాత్రం బయట నుంచి గడియ పెట్టొద్దు.

ఇప్పుడు కెమెరా ఇటు తిప్పుతున్నాను, మీటరు బోర్డు దగ్గరికి. ఇదొక్కటి మాత్రం ఇవాళే చేయండి. మెయిన్ ఆఫ్ చేస్తున్నా... అదీ. చూడండి, హాల్లో ఫ్యాను తిరుగుతోంది, ఈ బెడ్‌రూమ్‌లో ఆగిపోయింది. అంటే నా ఇన్వర్టర్ లైను హాలుకే ఉంది. నేను బెడ్‌రూమ్‌లో దుప్పట్లు పరిచి, ఏసీ వేసి, అంతా సిద్ధం చేసుకుని కూర్చుంటే పండగ రాత్రి కరెంటు పోగానే అది ఉత్త పెట్టె అయిపోతుంది. కాబట్టి ఏ ఫ్యాను ఇన్వర్టర్ మీద తిరుగుతుందో ఆ గదే మీ కుక్క గది. ఏసీ ఉన్నవాళ్లు సాయంత్రం నాలుగింటికే వేసేయండి, గోడలు కూడా చల్లబడితే తర్వాత కరెంటు పోయినా కాసేపు ఆ చల్లదనం నిలుస్తుంది.

కూలర్ ఉన్నవాళ్లు జాగ్రత్త. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, కాబట్టి ఆ తేమ బయటికి పోవడానికి దారుండాలి. చప్పుడు రాకూడదని కిటికీలన్నీ మూసి కూలర్ వేస్తే పది నిమిషాల్లో గదంతా జిగటగా అయిపోతుంది, అప్పుడు కుక్క ఎంత రొప్పినా లాభం ఉండదు. వీధికి అవతలి వైపు కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, చప్పుడు కాస్త వస్తే రానివ్వండి. నన్నడిగితే చప్పుడుకీ గాలికీ మధ్య ఒకటే ఎంచుకోమంటే గాలే ఎంచుకుంటాను. కూలర్ మోత కూడా ఒక రకంగా మంచిదే, బయటి చప్పుళ్లని కొంత కప్పేస్తుంది. ఫ్యాను ఫుల్లులో పెట్టడం, టీవీ ఒకే సౌండులో నడపడం కూడా అందుకే. అంతేగానీ బాంబు పేలినప్పుడల్లా రిమోట్ తీసుకుని సౌండు పెంచొద్దు, అది దానికి ఇంకో చప్పుడు. మన చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, కుక్క 45,000 దాకా, పిల్లి ఇంకా పైకి, 60,000 దాటి వింటుంది. తారాజువ్వ పైకి వెళ్లేటప్పుడు ఆ సన్నటి కూత మనకి వినిపించేదానికన్నా వాటికి ఇంకా చాలా ఎక్కువ వినిపిస్తుందన్నమాట.

ఇక పండగ రోజు టైంటేబుల్. నవంబరు మొదట్లో మనకి సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడుతుంది, దివిటీలు కొట్టగానే మతాబులు మొదలు, మతాబుల వెంటే బాంబులు. అందుకని పొద్దున్నే ఆరింటికి బాగా దూరం నడిపించి అలసిపోనివ్వండి. సాయంత్రం నాలుగున్నరకి ఊరికే పక్కకి తీసుకెళ్లి తీసుకొచ్చేయండి. అప్పటికి రోడ్డు ఇంకా వేడిగా ఉంటుంది, అరచెయ్యి వెనక్కి తిప్పి తారు మీద ఐదు సెకన్లు ఉంచి చూడండి, మీకు చుర్రుమంటే దాని పాదాలకీ అంతే. మెడ బెల్టుతో పాటు ఛాతీకి హార్నెస్ కూడా వేయండి, ఉలిక్కిపడి వెనక్కి లాగితే మెడ బెల్టు ఒక్కటే అయితే తల జారిపోతుంది. బెల్టుకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల ఉండాలి, దీపావళి రాత్రి తప్పిపోయే కుక్కలు చాలా. అన్నం కూడా ఆ టైంకే పెట్టేయండి, చప్పుళ్లు మొదలయ్యాక ముట్టదు. పెరుగన్నం శుభ్రంగా తింటుంది, ఉప్పు వేయకండి చాలు. ఇంటికొచ్చినవాళ్లు ప్రేమ కొద్దీ లడ్డూ పెట్టకుండా ఓ కన్నేసి ఉంచండి. అందులో కిస్‌మిస్ ఉంటుంది, అది కుక్కల కిడ్నీలు పాడుచేస్తుంది. చాక్లెట్లూ వద్దు.

భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే అలవాటు చేసినట్టవుతుంది, వదిలేయండి అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. పట్టించుకోకండి. భయం అలవాటు కాదు, మీరు ఊరడిస్తే పెరగదు. ఒళ్లోకి వస్తే రానివ్వండి, మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వండి, బలవంతంగా బయటికి లాగి "చూడరా, ఏం కాదు" అని వరండాలో నిలబెట్టడం మాత్రం చేయకండి. పిల్లి అటక మీదో, బీరువా వెనకో దూరుతుంది, దాన్నీ కదపొద్దు, నీళ్లూ మట్టి ట్రే దగ్గర్లో పెట్టండి. లవ్‌బర్డ్స్ పంజరం బాల్కనీలోంచి లోపలికి తెచ్చేయండి, పక్షులకి పొగ అసలు పడదు, పలచటి నూలు చీరతో మూడు వైపులే కప్పండి, నాలుగో వైపు వదిలేయండి.

ఇప్పుడు సోడాగాడి నోరు చూపిస్తాను. రారా... కాస్త పెదవి పైకెత్తుతున్నాను. చిగుళ్లు చూడండి, లేత గులాబీ రంగులో, తడిగా ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు వచ్చేస్తుంది. ఇలా ఉన్నంతవరకూ అది భయంతోనే రొప్పుతోందనుకోవచ్చు. అదే చిగుళ్లు ఎర్రగా కందిపోయినా, నాలుక చివర వెడల్పుగా గరిటెలా సాగిపోయినా, జొల్లు చిక్కగా తీగలు సాగుతున్నా, నడుస్తుంటే తూలుతున్నా, వాంతి చేసుకున్నా ఇక భయం సంగతి పక్కన పెట్టండి, అది వేడి. కుక్కకి మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, 104 దాటితే ప్రమాదం, 106 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు కారెక్కించి డాక్టరు దగ్గరికి పరిగెత్తడం కాదు, ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే బయలుదేరాలి. నీళ్లు మెడ మీద, పొట్ట కింద, తొడల మధ్య ధారగా పోస్తూ ఫ్యాను కింద పెట్టండి. తడి టవల్ కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే దుప్పటిలా వేడిని పట్టేస్తుంది. ఇంకొకటి, డాబా మీద ట్యాంకు నీళ్లు సాయంత్రం దాకా గోరువెచ్చగానే ఉంటాయి మన దగ్గర. అందుకే పండగ రోజు పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడలో పెట్టుకోండి.

మందుల సంగతి. బాగా భయపడే కుక్కలకి డాక్టర్లు గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి రాస్తారు, అవి బాగానే పనిచేస్తాయి. కానీ పండగకి వారం ముందే వెళ్లి చూపించుకోండి, ఒక మామూలు రోజున వేసి చూస్తే ఎంత మత్తు వస్తుందో, ఎలా పడుతుందో తెలుస్తుంది. పోయినేడాది పక్కింటివాళ్ల కుక్కకి రాసిన చీటీతో మందు కొనకండి. ఎసిప్రొమజైన్ అని పాత మందు ఒకటుంది, దాన్ని ఒక్కదాన్నే ఇస్తే కుక్క కదలకుండా పడుకుంటుంది కానీ లోపల భయం అలాగే ఉంటుంది, పైగా ఒంటి వేడిని సర్దుకునే శక్తి తగ్గిపోతుంది, మన వాతావరణంలో అది ఇంకా చెడ్డది. ఎవరైనా అది రాస్తే, వేరేది ఉందా డాక్టర్ గారూ అని అడగండి, తప్పేం లేదు. మన ఇంట్లో ఉండే పారాసిటమాల్ పిల్లికి విషం, సగం బిళ్ల కూడా ఇవ్వకండి. రాత్రిపూట ఏ ఆసుపత్రి తెరిచి ఉంటుందో ఫోన్ చేసి ముందే కనుక్కోండి. గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ పండగ రోజు డ్యూటీలో ఎవరుంటారో కూడా అడిగి రాసిపెట్టుకోండి.

చప్పుడు అలవాటు చేయడం అని ఒకటుంది. ఫోన్‌లో టపాసుల శబ్దం చాలా తక్కువ సౌండుతో పెట్టి, ఆ టైంలోనే దానికి ఇష్టమైనది పెట్టడం, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పెంచడం. బాగానే ఉంటుంది, కానీ వారాలు పడుతుంది. పండగ రేపనగా మొదలుపెడితే భయం ఇంకా పెరుగుతుంది, అప్పుడు అసలు చేయొద్దు. దీపావళి అయిపోయాక మొదలుపెట్టండి, ఎందుకంటే మనకి టపాసులు దీపావళికే కాదు. 2024 జూన్ 4న ఎన్నికల కౌంటింగ్, అదే నెల 29న టీ20 ప్రపంచకప్ గెలిచిన రాత్రి, గుర్తున్నాయిగా. జూన్ ఉక్కలో అర్ధరాత్రి థౌజండ్‌వాలాలు, దాని ముందు దీపావళి ఎంత.

రూల్స్ లేవని కాదు. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, రాత్రి పది దాటితే చప్పుడు చేసే టపాసులు నిషేధం. మన వీధిలో ఎవరు వింటారు అంటారు, నిజమే, కానీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "సెల్లార్‌లో కాల్చొద్దండీ, అక్కడ పేలిస్తే బిల్డింగ్ అంతా మోగుతుంది" అని ముందే పెడితే చాలామంది వింటారు, చంటిపిల్లల తల్లులు మీకు సపోర్ట్ చేస్తారు. వాచ్‌మన్‌కి చెప్పి గేటు దగ్గర తొట్టిలో నీళ్లు పోయించండి, వీధి కుక్కలు ఆ రాత్రి కార్ల కింద దూరతాయి, బండి తీసేముందు ఒకసారి వంగి చూడండి. కుక్క తోకకి టపాకాయలు కట్టే వెధవలు కనిపిస్తే వీడియో తీసి పోలీసులకివ్వండి, అది నేరం.

తెల్లారాక మీ కుక్కని బయటికి తీసేముందు వాకిలి మీరే ఊడ్చేయండి. పేలని బాంబుల్లో, చిచ్చుబుడ్ల మసిలో బేరియం, గంధకం లాంటివుంటాయి, కుక్కలు వాటిని నాకుతాయి, నాకితే వాంతులు, నీరసం, ఒక్కోసారి ఇంకా ప్రమాదం. పేలనివి కనిపిస్తే ముందు నీళ్లు పోసి తడిపి అప్పుడు తీయండి. రెండో రోజుకి కూడా తిండి ముట్టకపోతే డాక్టరుకి చూపించండి. ఆ గదిలో పెట్టిన ఏర్పాట్లు మాత్రం అప్పుడే తీసేయకండి, నాలుగైదు రోజుల్లో నాగులచవితి, మిగిలిన సామానంతా అప్పుడు కాలుస్తారు.