‘వేడి చేసింది’ అనుకున్న నాలుగు రాత్రులు

హోస్ట్: హలో అండీ, అందరూ బాగున్నారా. ఈరోజు మా పుట్టింటి నుంచి రికార్డ్ చేస్తున్నాను, కోనసీమలో ఓ లంక ఊరు మాది, పెరట్లో కొబ్బరి దింపు తీస్తున్నారు, మధ్యలో ధబ్‌మని సౌండ్ వస్తే అది కాయలు పడుతున్న సౌండ్, కంగారు పడకండి. నా పక్కన మా వదిన ఉన్నారు, అన్నయ్య భార్య, గవర్నమెంట్ హాస్పిటల్ లేబర్ రూమ్‌లో 19 ఏళ్ళుగా స్టాఫ్ నర్స్. తొలి కాన్పప్పుడు ఒంట్లో ఏదో తేడాగా అనిపిస్తుంది చూడండి, అది మామూలేనా కాదా అని తెలీక రాత్రిళ్ళు నిద్ర పట్టదు, దాని గురించే ఈరోజంతా.

వదిన: నమస్కారమండీ. ముందు నీ సంగతి చెప్పమ్మాయ్, తర్వాత నేను చెప్తాను.

హోస్ట్: సరే. నాకప్పుడు 33 వారాలు. శ్రీమంతం అయి పుట్టింటికొచ్చి పది రోజులైంది. ఓ రోజు రాత్రి పదకొండింటికి అరికాళ్ళు దురద మొదలైంది, దోమ కుట్టిందేమో అనుకున్నాను, కాసేపటికి అరచేతులు కూడా. చర్మం మీద ఏమీ లేదు, ఎర్రగా కూడా లేదు, దురద లోపల్నుంచి వస్తున్నట్టుంది, గోకితే తగ్గదు. మంచం దిగి గచ్చు మీద కాళ్ళు ఆనించి కూర్చున్నాను, చల్లగా ఉన్నంతసేపు బాగుండేది, ఆ చోటు వెచ్చబడగానే పక్కకి జరిగేదాన్ని, అలా జరుగుతూ జరుగుతూ తెల్లారేసరికి గోడ దగ్గరికొచ్చేశాను. అమ్మ లేచి చూసి వేడి చేసిందే నీకు అని కొబ్బరినూనె రాసి, బోండాలు కొట్టించి, మధ్యాహ్నం మజ్జిగ ఇచ్చింది. పగలు తగ్గింది. అదే మోసమండీ, పగలు తగ్గడంతో మేమంతా నమ్మేశాం. మళ్ళీ రాత్రి మామూలే. అలా నాలుగు రాత్రులు.

వదిన: మధ్యలో ఓ క్లినిక్‌కి కూడా వెళ్ళారు కదా.

హోస్ట్: వెళ్ళాం. పొట్ట సాగుతుంది కదమ్మా అందరికీ వచ్చేదే అని లోషన్ రాసిచ్చి పంపేశారు. అరికాళ్ళు అని నేను చెప్పాను, అరికాళ్ళల్లో పొట్ట ఏం సాగుతుంది అని అడగాలనిపించింది, అడగలేకపోయాను. అంతమంది బయట కూర్చున్నారు, నాది చిన్న విషయం అనిపించింది. నాలుగో రోజు పొద్దున మీకు ఫోన్ చేశాను, అది కూడా వేరే పని మీద.

వదిన: పుట్టబోయే బిడ్డకి ఉయ్యాల గుడ్డ గురించి అడగడానికి చేసింది! మాటల్లో దురద అంది. దద్దుర్లున్నాయా అని అడిగాను, లేవంది. రాత్రిళ్ళు ఎక్కువా అన్నాను, అవునంది. యూరిన్ రంగెలా ఉందంటే పచ్చగా చిక్కగా ఉందండీ, నీళ్ళు సరిగ్గా తాగట్లేదేమో అంది. ఇంక నేను ఆగలేదు, సాయంత్రం దాకా కాదు ఇప్పుడే బయల్దేరు అని చెప్పాను.

హోస్ట్: రెండు టెస్టులు రాశారు, లివర్ టెస్టు, బైల్ యాసిడ్స్ టెస్టు. రెండోదానికి శాంపిల్ బయటికి పంపాలన్నారు, రిజల్ట్ వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

వదిన: అదేంటో అర్థమయ్యేలా చెప్తాను. కాలేయంలో పైత్యరసం తయారవుతుంది కదా, కొంతమందికి గర్భం హార్మోన్ల వల్ల అది సరిగ్గా కిందికి పారదు, కాలువకి గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు ఎలా నిలిచిపోతాయో అలా, అప్పుడు ఆ బైల్ యాసిడ్స్ రక్తంలో పెరుగుతాయి. కొలెస్టాసిస్ అంటారు. ఎక్కువగా ఆఖరి మూడు నెలల్లో వస్తుంది. తల్లికి దురదే కానీ, ఆ బైల్ యాసిడ్స్ అంకె బాగా పెరిగితే, ముఖ్యంగా 100 దాటితే, బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే దాన్ని బట్టి కాన్పు ఎప్పుడు చెయ్యాలో డాక్టర్లు నిర్ణయిస్తారు. ఇంకోటమ్మా, మొదటిసారి లివర్ టెస్టు నార్మల్ వచ్చినా దురద తగ్గకపోతే మళ్ళీ చేయించాలి, ఒకసారి బాగుందని వదిలెయ్యకూడదు.

హోస్ట్: నాది 100 లోపే ఉంది. దురదకి టాబ్లెట్లు, వారం వారం టెస్టులు, 38వ వారంలో నొప్పులు తెప్పించి డెలివరీ చేశారు. బాబు బాగున్నాడు, నా దురద కూడా కొద్ది రోజుల్లో పోయింది. మళ్ళీ కాన్పులో తిరిగి రావచ్చని మాత్రం ముందే చెప్పారు.

వదిన: అత్తయ్య తప్పు కాదమ్మా అది. మన వైపు వేడి అనే మాటలో అన్నీ ఇమిడిపోతాయి. మంటగా యూరిన్ పోతే వేడి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు. తలనొప్పొస్తే వేడి లేకపోతే దిష్టి. తలనొప్పి సంగతి నేను గట్టిగా చెప్తాను. అయిదో నెల దాటాక తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, మసక, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం చేతులు ఉబ్బడం, వీటిల్లో ఏ ఒక్కటున్నా ముందు బీపీ చూపించాలి. 140, 90 దాటిందంటే అదే రోజు డాక్టర్ చూడాలి, 160, 110 అయితే ఎమర్జెన్సీ. పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు చూడు, ఫిట్స్ వచ్చేది, అది దీని తర్వాతి మెట్టు. అమృతాంజనం రాసుకుని పొద్దున చూద్దాంలే అని పడుకుని అర్ధరాత్రి ఫిట్స్‌తో వచ్చినవాళ్ళని చూశాను నేను.

హోస్ట్: మరి కాళ్ళకి నీరు దిగడం? నాకు ఆరో నెల నుంచీ ఉంది, దానికీ భయపడ్డాను.

వదిన: సాయంత్రానికి పాదాలు ఉబ్బి, పొద్దున లేచేసరికి తగ్గిపోతుంటే చాలామందికి ఉండేదే, కాళ్ళు ఎత్తులో పెట్టుకో, ఎడం పక్కకి తిరిగి పడుకో. ఒక కాలే ఉబ్బి పిక్క నొప్పిగా వేడిగా ఉంటే మాత్రం రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. పొద్దున్నే ఉంగరం తియ్యలేకపోతున్నావా, కళ్ళ చుట్టూ ఉబ్బిందా, అప్పుడు బీపీ. ఉప్పు మానేస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు.

హోస్ట్: మొదటి మూడు నెలల్లో రక్తం మరకలు కనిపిస్తే? నా ఫ్రెండ్ ఒకమ్మాయి బాత్రూమ్‌లోనే కూర్చుని ఏడ్చింది, నేను బరువు ఎత్తాను నా వల్లే అని.

వదిన: ఆ మాట నాకు చాలా బాధ. బిందె ఎత్తినందుకో, బస్సెక్కినందుకో, బొప్పాయి ముక్క తిన్నందుకో కాదమ్మా, మొదట్లో పోయే గర్భాల్లో ఎక్కువ క్రోమోజోముల తేడా వల్ల పోతాయి, ఎవరూ ఆపలేరు. మొదటి నెలల్లో నలుగురిలో ఒకరికి కాస్తో కూస్తో బ్లీడింగ్ కనిపిస్తుంది, చాలామందికి గర్భం నిలుస్తుంది కూడా. కానీ చూపించుకోవాలి, గుడ్డ కాకుండా ప్యాడ్ పెట్టుకో, ఎంత పోతుందో తెలుస్తుంది. ఒక పక్కే కడుపు నొప్పి, భుజం కొస నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే గర్భం ట్యూబులో ఉందేమో, అప్పుడు స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, 108కి ఫోన్.

హోస్ట్: కదలికల గురించి చెప్పండి వదినా, మెసేజ్‌లన్నీ దాని మీదే.

వదిన: తొలిచూలుకి 18 నుంచి 20 వారాల దగ్గర తెలుస్తుంది, మాయ ముందు వైపు ఉంటే ఇంకా ఆలస్యం అవ్వచ్చు. 28 దాటాక ప్రతి బిడ్డకీ ఓ అలవాటు ఉంటుంది, రాత్రి భోజనం తర్వాత తన్నడం అలాగ. ఆ అలవాటు నీకే తెలుస్తుంది, మిషన్‌కి తెలీదు. తగ్గింది అనిపిస్తే పక్కకి తిరిగి పడుకుని గమనించు, రెండు గంటల్లో పది కూడా లేకపోతే ఆ రాత్రే వెళ్ళాలి. నెలలు నిండాయి కదా చోటు లేక కదలట్లేదు అంటారు, అది నిజం కాదు. తన్నే తీరు మారొచ్చు, కదలడం తగ్గకూడదు.

హోస్ట్: రాత్రి రెండింటికి వెళ్ళి, ఏమీ లేదని పంపేస్తే సిగ్గుగా ఉంటుంది.

వదిన: ఏమీ లేదని పంపించడమే కదమ్మా మాకు కావాల్సింది! దొంగ నొప్పులతో మూడుసార్లు వచ్చి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, నేనెవర్నీ తిట్టలేదు. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ. ఫోన్లో చెప్పేటప్పుడు ఇన్ని వారాలు, ఇన్నింటికి మొదలైంది, బ్లీడింగ్ ఉందా లేదా, ఉమ్మనీరు పోతోందా, బిడ్డ కదులుతోందా, ఈ ముక్కలు ముందు చెప్పేస్తే అవతలివాళ్ళు విసుక్కోవడానికి టైమ్ ఉండదు. కార్డు వెనకాల రాసిపెట్టుకో.

హోస్ట్: నేను నిజంగా రాసేదాన్ని. రాత్రి ఫోన్ తీసి వెతికితే ఇంకా భయమేసేది, ఇంట్లో ఏమో భయపడకూడదే బిడ్డకి మంచిది కాదు అనేవాళ్ళు, దాంతో భయపడుతున్నానని ఇంకో భయం. ఫోన్ పక్కన పెట్టేసి టైమ్, ఎక్కడ దురద, ఎంతసేపు అని కాగితం మీద రాస్తే ఏదో ఒక పని చేసినట్టుండేది, నిద్ర కూడా కాస్త పట్టేది.

వదిన: భయం రావడం తప్పు కాదు, కానీ రోజుల తరబడి అన్నం సయించక, నిద్ర లేక, ఏడుపు ఆగకపోతే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే. 14416, టెలీ మానస్ అని మనసు బాగోనివాళ్ళకి గవర్నమెంట్ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఇంకా ప్రతి నెలా 9వ తారీఖున గవర్నమెంట్ హాస్పిటల్స్‌లో నాలుగో నెల నుంచి గర్భిణులకి డాక్టర్ చెకప్ ఉచితం, 2016 నుంచి ఉంది, ఆశా వర్కర్‌ని అడిగితే చెప్తుంది.

హోస్ట్: మా లంకల్లో వాళ్ళకి ఇంకోటి చెప్పాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కాజ్‌వేలన్నీ మునిగి పడవలే దిక్కయ్యాయి కదా.

వదిన: అందుకే నెలలు జులై, ఆగస్టు, సెప్టెంబర్లలో నిండేవాళ్ళు వరద కబురు రాకముందే ఒడ్డుకివతల చుట్టాలింట్లోనో, హాస్పిటల్ ఉన్న ఊళ్ళోనో ఉండాలి. రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. పడవ దగ్గరికెళ్ళి ఆలోచించే పని కాదది.

హోస్ట్: మొన్న ఒకటి జరిగింది, చెప్పి ఆపేస్తాను. పక్కింటి అమ్మాయికి ఎనిమిదో నెల, సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒళ్ళు దురదగా ఉంది పిన్నీ అంది. అమ్మ చేట పక్కన పెట్టి, ఒళ్ళంతానా అరచేతుల్లోనా, దద్దుర్లున్నాయా, రాత్రిళ్ళు ఎక్కువా అని వరసపెట్టి అడిగింది. ఆ పిల్ల జవాబు చెప్పేలోపే లోపలికొచ్చి, మీ వదినకి ఫోన్ కలపవే అంది.